పట్టణాల్లో ఆకస్మిక వరద ముప్పు ఎవరికి ఎంత? కొలిచే పద్ధతి గురించి నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరంలో ప్లానింగ్ చదువుతున్నారు. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఆకస్మిక వరద వస్తే ఏ వార్డు జనం ఎక్కువ దెబ్బతింటారో అంకెల్లో చెప్పాలి. జనాభా లెక్కలు, ఉపగ్రహ చిత్రాలు తీసుకుని వార్డుకో సూచిక తయారు చేద్దామనుకుంటున్నారు. ఏ అంశాలు తీసుకోవాలి, దేనికెంత వెయిటేజీ ఇవ్వాలి, ఎన్ని ఇళ్లు తిరగాలి, అసలు ఈ దారి సరైనదేనా అని ప్రశ్న.

మునిసిపల్ ఇంజనీరింగ్ పనిలోను, ఆ తర్వాత వార్డు సర్వేల్లోను ఉత్తరాంధ్ర పట్టణాల కాలువల వెంట చాలా ఏళ్లు తిరిగినవాణ్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, వార్డుని కాదు, వీధిని కొలవండి. వెయిటేజీల జోలికి వెళ్లేముందు సమయాన్ని కొలవండి. వాన ఊపందుకున్నాక నీళ్లు ఆ ఇంటి గడప దాటడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఇంట్లో ఉన్న అందరూ ఎత్తయిన చోటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? మొదటిది రెండోదానికన్నా తక్కువైతే ఆ ఇంట్లో ప్రాణాలకే ముప్పు. నదీ వరదకు పనికొచ్చే సూచికలు ఆకస్మిక వరద దగ్గర తప్పేది ఇక్కడే. వాటిలో ఆదాయం, చదువు, ఇంటి రకం, జనసాంద్రత అన్నీ ఉంటాయి గానీ నిమిషాలు ఉండవు. వయసు, ఇంటి కప్పు, ఫోను, పొదుపు, ఇరుగుపొరుగు అనే అంశాలన్నీ ఈ రెండు సమయాల్లో దేన్ని ఎంత మారుస్తాయో, పోయిన సొమ్ము తిరిగి కూడబెట్టుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో అనే లెక్కలోకి వచ్చి చేరాలి.

ఇక వివరాలు.

సిద్ధాంతం దగ్గర ఎక్కువసేపు ఆగను. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో దుర్బలత అంటే మూడు కలిసినది: ముప్పు దారిలో ఉండటం, దెబ్బ తగిలే స్వభావం, తట్టుకుని సర్దుకునే శక్తి. 2012 ప్రత్యేక నివేదిక, 2014 ఐదో నివేదిక వచ్చేసరికి ఆ ఏర్పాటు మారింది. రిస్క్ అనేది పెద్ద గొడుగు అయింది, దాని కింద ప్రమాదం, ముప్పు దారిలో ఉండటం, దుర్బలత వేర్వేరు భాగాలయ్యాయి. రెండిట్లో ఏదైనా తీసుకోవచ్చు, కలిపి మాత్రం వాడొద్దు. కలిపితే కాలువకు దగ్గరగా ఉండటం అనే ఒక్క అంశం రెండుచోట్ల లెక్కకు వచ్చేస్తుంది. నేను రెండోదాన్నే వాడతాను. నీళ్ల సంగతి ఇంజనీరు కొలవాలి, మనుషుల సంగతి ఇల్లిల్లూ తిరిగేవాళ్లు కొలవాలి. వేరువేరుగా ఉంటేనే ఎవరి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

మొదట ఏ నీళ్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి. మన రెండు పట్టణాల్లో నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, తోటపల్లి, నారాయణపురం ఆనకట్టలు దాటి శ్రీకాకుళం ఊరిని ఆనుకుని పారి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన పడిన వానకి కింద ఏరు పొంగాలంటే కొన్ని గంటలు పడుతుంది. 2017 జూలైలో రాయగడ ప్రాంతంలో కుండపోత పడి తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయినప్పుడు కూడా దిగువకు కబురు అందే వ్యవధి ఉంది. ఆ వ్యవధి ఎవరికి ఉపయోగపడింది, ఎవరికి పడలేదన్నది వేరే ప్రశ్న. దాన్నీ సర్వేలో అడగాలి.

రెండోది ఊరి నెత్తిమీదే పడిన వాన. దానికి పైన ఆనకట్టలూ లేవు, హెచ్చరికలూ లేవు. విజయనగరం ఊరి నడుమ నుంచి పెద్ద నది ఏదీ పారదు. అయినా గట్టి వాన గంటసేపు పడితే పల్లపు వీధుల్లో మోకాలు లోతు నీళ్లు నిలుస్తాయి. చెరువులు, వాటి కళింగల (నిండిన నీరు పొర్లే దారుల) నుంచి దిగే కాలువలు, గెడ్డలు (వాగులు), వాటి మీద కట్టిన మదుములు (రోడ్డు కింద నీరు పోయే తూములు), ఆ మదుముల్లో అడ్డంపడ్డ చెత్త, వీటన్నిటి కథ అది. మీ అంశం ఆకస్మిక వరద కాబట్టి మీకు ఈ రెండోదే ముఖ్యం. శ్రీకాకుళంలో మాత్రం రెండూ కలిసొస్తాయి. ఏరు నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో నీరు ఏట్లోకి దిగదు, ఒక్కోసారి కాలువల గుండా వెనక్కి తన్నుతుంది. అలాంటి రోజున మామూలు వాన కూడా ముంచుతుంది. అందుకని గుజరాతీపేట, బలగ వైపు ఏటి ఒడ్డు వీధులకీ, ఏటికి దూరంగా ఊరి లోపల పల్లంలో ఉన్న వీధులకీ ఒకే ప్రశ్నపత్రం పనికిరాదు.

వాన అంకెల దగ్గర ఒక జాగ్రత్త. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వాన అంటుంది, 204.5 గానీ అంతకు మించి గానీ పడితే అత్యంత భారీ అంటుంది. ఈ వర్గీకరణ రోజు మొత్తానిది. 70 మిల్లీమీటర్లు రోజంతా సన్నగా పడితే ఊరికి మంచిదే. అదే 70 గంటలో పడితే వీధులు ఏరులవుతాయి. రోజువారీ అంకెలతో ఆకస్మిక వరద లెక్క కట్టిన ప్రాజెక్టులు చాలా చూశాను. దాంతో ఏమీ తేలదు. మీకు గంటవారీ, వీలైతే పావుగంటవారీ అంకెలు కావాలి. రాష్ట్రంలో ఆటోమేటిక్ వర్షమాపకాలు చాలా మండలాల్లో ఉన్నాయి, ఆ అంకెల కోసం కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగానికి కాలేజీ ద్వారా ఉత్తరం పెట్టండి.

గంటవారీ అంకె దొరికితే చిన్న లెక్క చేయండి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు నీరు. చదరపు కిలోమీటరు మీద గంటలో 60 మిల్లీమీటర్లు పడితే ఆరు కోట్ల లీటర్లు. శ్లాబులు, సిమెంటు రోడ్లతో నిండిన చోట అందులో నూటికి ఎనభై పాళ్లు ఇంకకుండా పారుతుందనుకుంటే సెకనుకి సుమారు 13 ఘనపు మీటర్ల నీరు బయటికి పోవాలి. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న కాలువలో నీరు సెకనుకి ఒకటిన్నర మీటరు వేగంతో పారితే పట్టేది ఒకటిన్నర ఘనపు మీటరు. అంటే అలాంటి కాలువలు తొమ్మిది ఉండాలి. సగం పూడిక ఉంటే పద్దెనిమిది. మీ వార్డులో ఎన్ని ఉన్నాయో నడిచి చూసి లెక్కపెట్టండి. ఈ ఒక్క లెక్క చేశాక ఆ వార్డులో ఏ వీధి మునుగుతుందని అడిగే తీరే మారిపోతుంది.

ఇప్పుడు ఉపగ్రహ మ్యాపుల గురించి. ఉచితంగా దొరికే నేల ఎత్తుల మ్యాపుతో (ఒక్కో గడి 30 మీటర్లు) కొండలూ గెడ్డలూ తెలుస్తాయి, నీరు మొత్తంగా ఏ వైపు వాలుతుందో తెలుస్తుంది. అంతవరకూ వాడుకోండి. కానీ దాంట్లో ఎత్తు కొలతల్లో తేడా మీటర్లలో ఉంటుంది. మన ఊళ్లో ఇల్లు మునగడం, మునగకపోవడం తేలేది జానెడు తేడాలో. పైగా ఆ మ్యాపు మేడ పైభాగాన్నే నేల అనుకుంటుంది. రంగులు చూసి ఎర్రగా ఉన్న వార్డు ప్రమాదకరం అని రాసేస్తే, అక్కడి మనిషికి అది అబద్ధమని చూడగానే తెలిసిపోతుంది.

దాని బదులు గడప ఎత్తు కొలవండి. రోడ్డు నడిమి నుంచి ఇంటి గడపకి ఎంత ఎత్తో, ఎంత పల్లమో సెంటీమీటర్లలో రాసుకోండి. నేను వాడిన అంశాలన్నిట్లోకీ దెబ్బను ముందే పట్టిచ్చింది ఇదే. కారణం మీకూ తెలుసు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేస్తారు. పాత పెంకుటిళ్ల అరుగులు ఒకప్పుడు రోడ్డుకి రెండు మెట్లు పైన ఉండేవి. ఇప్పుడు రోడ్డు నుంచి ఇంట్లోకి మెట్లు దిగాలి. కొత్తగా కట్టుకునేవాళ్లు పునాది లేపుకుంటారు, ఆ నీరు పక్కనున్న పాత ఇంట్లోకి పోతుంది. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లకి ఈ కొలత మీటరు దాకా తేడా వస్తుంది. వార్డు సగటులో ఇదెక్కడ కనబడుతుంది?

నీరు ఎంత ఎత్తు వచ్చిందో గోడల మీద చార ఉంటే టేపుతో కొలవండి. చార లేకపోతే మనిషి ఒంటి గుర్తుతో అడగండి: మడమా, మోకాలా, నడుమా? ఎవరి మోకాలో వాళ్లనే నిలబెట్టి కొలవండి. ఎంతసేపట్లో వచ్చింది అని గడియారంతో అడిగితే ఎవరూ చెప్పలేరు. పాలవాడు వచ్చాకా, రాకముందా? కరెంటు పోయాక ఎంతసేపటికి? పిల్లల్ని బడి నుంచి తెచ్చారా అప్పటికి? ఇలా అడిగితే నిమిషాలు వాటంతటవే బయటికొస్తాయి. ఆ రోజు ఫోన్లలో తీసిన ఫోటోలు, వీడియోలు చూపించమనండి, వాటి మీద సమయం ఉంటుంది. రెండు మూడు ఇళ్ల ఫోటోలు కలిపితే నీరు ఏ మూల నుంచి ఏ మూలకి ఎంతసేపట్లో పాకిందో గీత గీయవచ్చు.

లోతుతో పాటు వడి కూడా అడగండి. నిలిచిన నీళ్లలో నడుము లోతు దాటొచ్చు. వాలు వీధిలో పరుగెత్తే నీరు మోకాలి కిందే ఉన్నా పెద్దమనిషిని పడగొడుతుంది. మూత లేని కాలువ ఎక్కడుందో ఆ నీళ్లలో కనబడదు. కాలువ మీద పలక లేని చోట్లను ఒక్కొక్కటిగా మ్యాపులో గుర్తుపెట్టండి. ఇదేమీ పెద్ద సాంకేతిక విషయం కాదు, కానీ చిన్నపిల్లల ప్రాణాలు దాని మీదే ఉంటాయి.

మనుషుల వైపు వస్తే, మీ చేతిలో ఉన్న వార్డువారీ జనాభా లెక్కలు 2011వి. ఆ తర్వాత ఊరి అంచున చెరువు గర్భాల్లో, పల్లపు భూముల్లో ఎన్ని లేఅవుట్లు లేచాయో మీ కళ్లముందే ఉంది. కాబట్టి ఆ అంకెల్ని హద్దుగా పెట్టుకోండి, సత్యంగా తీసుకోవద్దు.

పైగా మన జిల్లాలకి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. వలస. ఇంటి యజమాని పేరు రేషన్ కార్డులో ఉంటుంది, మనిషి చెన్నైలోనో హైదరాబాదులోనో భవన నిర్మాణ పనిలో ఉంటాడు. ఇంట్లో ఉండేది ముసలి తల్లిదండ్రులు, ఒక్కోసారి వాళ్ల దగ్గర వదిలిన మనవలు. కాగితం మీద అది ఐదుగురున్న, ఇద్దరు సంపాదనపరులున్న ఇల్లు. వరద రాత్రి మాత్రం ఎత్తి మోయగల చేతులు ఒక్కటీ లేని ఇల్లు. అందుకే ఇంట్లో ఎంతమంది అని కాకుండా "నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మార్చితే వచ్చే జాబితా పూర్తిగా వేరుగా ఉంటుంది. ఒక ఇంట్లో పెద్దావిడ చెప్పిన మాట నా నోట్సులో ఉంది: "నీరు గుమ్మం దాటీసినాక మెలుకువొచ్చింది బాబూ. మాయమ్మని లెగదీడానికే ఇద్దరు కావాల, నానొక్కర్తినే ఉన్నాను." ఆ ఇల్లు ఆదాయం లెక్కలో మధ్యతరగతి, ఇంటికి శ్లాబు ఉంది, చదువు ఉంది. ఏ సూచికలోనూ పైకి రాదు.

దెబ్బ తగిలే స్వభావం గురించి అడిగినప్పుడు ఇంటి కప్పు ఒక్కటే చూడొద్దు, గోడ చూడండి. మట్టిగోడ గంటల తరబడి నానితే వాన తగ్గాక, అందరూ గండం గడిచిందనుకున్నాక కూలుతుంది. మీటరు బోర్డు, స్విచ్చులు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి, నీళ్లలో కరెంటు ఉంటే మడమ లోతు కూడా చంపుతుంది. గ్యాస్ సిలిండర్, బియ్యం డబ్బా, పట్టా కాగితాలు ఎక్కడ పెడతారో చూడండి. అటక ఉందా?

రోగుల విషయం కచ్చితంగా చేర్చండి. ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా ఉన్న కిడ్నీ జబ్బు సంగతి శ్రీకాకుళం జిల్లాలో తెలియనివారు లేరు. పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం లాంటి పట్టణాల్లో పని చేస్తే డయాలసిస్ చేయించుకునేవారు ఏ వీధిలో ఉన్నారో తప్పక రాయాలి. వారికి వారానికి రెండు మూడుసార్లు తప్పనిసరి. ఇంట్లోకి చుక్క నీరు రాకపోయినా, ఆస్పత్రి దారి ఒక రోజు మూసుకుపోతే వారికి అది వరద బాధే. ఇన్సులిన్ వాడేవారు, నెలలు నిండిన గర్భిణులు కూడా అంతే. ఆశా కార్యకర్త దగ్గర, వార్డు హెల్త్ సెక్రటరీ దగ్గర ఈ వివరాలు ఉంటాయి. పేర్లు తీసుకోవద్దు, వీధికి సంఖ్య చాలు.

తట్టుకునే శక్తి కొలవడం అన్నిటికన్నా కష్టం, మనసుపెట్టి చేయాల్సింది కూడా ఇదే. ప్రాజెక్టుల్లో మామూలుగా అక్షరాస్యత శాతం, ఆదాయం, ఫోన్ల సంఖ్య వేసి సరిపెడతారు. నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: "అర్ధరాత్రి నీళ్లొస్తే మీరు ఎవరి మేడ ఎక్కుతారు?" కొందరు ఆలోచించకుండా పక్కింటి పేరు చెబుతారు. కొందరు చాలాసేపు మాట్లాడరు. పక్కనే మూడంతస్తుల మేడ ఉన్నా ఎక్కే హక్కు లేదని ఆ మౌనంలో తెలుస్తుంది. కులం, అద్దె, కొత్తగా వచ్చినవారన్న దూరం, పాత తగాదా, ఏదైనా కావచ్చు. మ్యాపులో ఆ మేడ సురక్షిత స్థలంగా కనబడుతుంది. ఆ వీధివారికి అది లేనట్టే. ఇక్కడ మొహమాటపడి ప్రశ్న వదిలేస్తే మీ సూచికలో పేదరికం ఉంటుంది గానీ వెలి ఉండదు.

తర్వాత అడగాల్సినవి: హెచ్చరిక ఎవరి నోట వింటే కదులుతారు? ఫోనుకి వచ్చిన మెసేజీకా, గుడి మైకుకా, వార్డు సచివాలయం నుంచి వచ్చిన మనిషి మాటకా? మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా పొదుపు సంఘంలో ఉన్నారా, ఆ సంఘాల్ని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) నంబరు ఫోనులో ఉందా? వరద తర్వాత డబ్బు ఎక్కడ తెస్తారు, సంఘం అప్పా, నెలకి నూటికి ఐదు రూపాయల వడ్డీయా? చివరి ప్రశ్నకి జవాబు చూస్తే ఆ కుటుంబం కోలుకోవడానికి నెలలు పడుతుందో ఏళ్లు పడుతుందో తెలిసిపోతుంది. తోపుడుబండి, కుట్టుమిషను, టిఫిన్ సెంటర్ గ్రైండరు లాంటి జీవనోపాధి వస్తువులు నేల మీదుంటే వాటి విలువ కూడా రాసుకోండి. నష్టపరిహారం జాబితాల్లో ఇవి చాలావరకు ఉండవు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకే వార్డులో, ఒకే గెడ్డకి రెండు పక్కలా ఉన్న రెండు వీధులు. ఒకటి పాత పేట. రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు, చాలామంది రోజుకూలీలు. రెండోది కొత్త లేఅవుట్. శ్లాబు ఇళ్లు, కింది భాగాలు అద్దెకి, ఉద్యోగాలకి వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. మామూలు సూచిక వేస్తే పాత పేట పైన, లేఅవుట్ అట్టడుగున. గెడ్డ పొంగిన రాత్రి పాత పేటలో నీరు రాకముందే పిల్లలూ ముసలివాళ్లూ బడి వరండాకి చేరిపోయారు. బియ్యం అటక మీద ఉంది. మదుం దగ్గర నీటి చప్పుడు మారితే ఏం చేయాలో అక్కడ పదేళ్ల పిల్లకి తెలుసు. లేఅవుట్‌లో తాము ఉంటున్నది ఒకప్పటి చెరువు దిగువ అని కూడా చాలామందికి తెలియదు. కింది వాటాలవాళ్లు తలుపు తీస్తే ఎదురొచ్చింది నీరే. పై వాటా ఇంటివాళ్ల నంబరు కూడా కొందరి దగ్గర లేదు. సొమ్ము నష్టం కూడా అక్కడే ఎక్కువ. అయితే నెల తిరిగేసరికి లేఅవుట్‌వాళ్లు జీతాలతో నిలదొక్కుకున్నారు. పాత పేటవాళ్లు తడిసిన గోడలు మళ్లీ లేపుకోవడానికి ఆ ఏడాదంతా అప్పుల్లో ఉన్నారు.

దీన్నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. వీధికి ఒకే మార్కు ఇవ్వను, రెండు ఇస్తాను. ఆ రాత్రి ప్రాణానికి ఎంత ముప్పో ఒకటి, ఆ తర్వాత బతుకు నిలబడటం ఎంత కష్టమో ఇంకొకటి. రెండూ కలిపి సగటు తీస్తే పై రెండు వీధులకీ దాదాపు ఒకే అంకె వస్తుంది. ఒకదానికి కావాల్సింది హెచ్చరిక, ఇంకోదానికి కావాల్సింది గోడ, అప్పు. ఒకే అంకె ఇస్తే కమిషనర్ రెండు చోట్లా ఒకే పని చేయిస్తారు.

ఇప్పుడు మీరు అడిగిన వెయిటేజీ, లెక్కలు. అన్ని అంశాల్నీ సున్నా నుంచి ఒకటి మధ్యకి తేవడానికి మామూలు సూత్రమే: విలువలోంచి కనిష్ఠం తీసేసి, గరిష్ఠ కనిష్ఠాల తేడాతో భాగించడం. కానీ ఆ కనిష్ఠ గరిష్ఠాలు మీ సర్వేలో దొరికినవి పెట్టొద్దు. అలా పెడితే ఉన్నవాటిలో కాస్త మెరుగైన వీధికి సున్నా వచ్చి, అక్కడ ముప్పే లేనట్టు కనబడుతుంది. శ్రీకాకుళం అంకెని విజయనగరం అంకెతో పోల్చడమూ కుదరదు. ముందే హద్దులు నిర్ణయించండి. నీటి లోతుకి సున్నా నుంచి 120 సెంటీమీటర్లు. గడప రోడ్డుకి సమంగా గానీ పల్లంలో గానీ ఉంటే ఒకటి, 60 సెంటీమీటర్ల పైన ఉంటే సున్నా. ఎందుకా హద్దు పెట్టారో ఒక వాక్యం రాయండి.

వెయిటేజీలకి మూడు దారులున్నాయి: అన్నిటికీ సమానం, నిపుణుల్ని జతజతలుగా పోల్చమని అడిగే సాటీ పద్ధతి, అంకెల్లోంచే తేల్చే గణాంక పద్ధతి. 2003లో అమెరికా పరిశోధకురాలు సుసాన్ కట్టర్ బృందం అక్కడి కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) వేసిన సామాజిక దుర్బలత సూచిక మూడో దారిదే. వందలూ వేల ప్రాంతాలుంటే అది బాగుంటుంది, మీ ముప్పై నలభై వీధులకి నిలవదు. సమానంతో మొదలుపెట్టండి. తర్వాత వెయిటేజీలు అటూ ఇటూ మార్చి చూడండి. ఏం మార్చినా పైనే ఉండే వీధులు నిజంగా ముప్పులో ఉన్నవి. మారిస్తే కిందికి జారేవాటి గురించి మళ్లీ వెళ్లి చూడాలి.

ఇంకొక చోట చాలామంది పొరబడతారు, అందుకే విడమర్చి చెబుతున్నాను. మానవాభివృద్ధి సూచికలో 2010 నుంచి గుణోత్తర సగటు (అంకెల్ని కూడకుండా గుణించి, మూలం తీసే సగటు) వాడుతున్నారు కదా అని ఇక్కడా అదే పెడతారు. అక్కడ ఎక్కువ అంకె మంచిది, ఒక్కచోట తక్కువైనా మొత్తం కిందికి లాగుతుంది, అదే వాళ్లకి కావాలి. ఇక్కడ ఎక్కువ అంకె చెడ్డది. దెబ్బ తగిలే స్వభావం 0.9, హెచ్చరిక అందకపోవడం 0.9, పొదుపు లేకపోవడం 0.1 ఉన్న వీధిని తీసుకోండి. మామూలు సగటు 0.63, గుణోత్తర సగటు 0.43. గుణోత్తర సగటు తీస్తే, మూడూ 0.6 ఉన్న వీధి దీన్ని దాటి పైకి పోతుంది. అంటే బ్యాంకులో కాస్త డబ్బుందన్న కారణంగా, నిద్రలో నీళ్లు ముంచే వీధి జాబితాలో కిందికి దిగిపోయింది. కాబట్టి దుర్బలత లోపలి అంశాలకి సగటు పక్కన గరిష్ఠ అంకెని కూడా విడిగా రాయండి. ప్రాణానికి సంబంధించిన అంశం ఏదైనా 0.8 దాటితే ఆ వీధికి ఎర్రజెండా, సగటు ఎంతున్నా సరే. నీటి ప్రమాదాన్ని దుర్బలతతో గుణించడం మాత్రం సబబే, నీరే రాని చోట మిగతావి ఎంతున్నా వరద నష్టం ఉండదు.

అయితే "నీరే రాని చోటు" అన్నది పాత అనుభవాన్ని బట్టే తేల్చొద్దు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి కన్నా ఆ తర్వాతి వాన ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పై అంతస్తుల్లో క్షేమంగా ఉన్నవాళ్లు కూడా తాగునీరు, పాలు, మందులు లేక రోజుల తరబడి అల్లాడారు. కాబట్టి నీరు ఎంత ఎత్తు వచ్చింది అన్నదానితో పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది కూడా ఒక గడి ఉండాలి.

తయారైన సూచిక నిజమా కాదా అని సరిచూడకుండా సమర్పించొద్దు. అగ్నిమాపక కేంద్రానికి ఆ రోజు వచ్చిన ఫోన్లు, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఏ ఫీడర్ (కరెంటు లైను) ఎప్పుడు ఆపారో, పేపర్ల జిల్లా ఎడిషన్లలో ఏయే వీధుల పేర్లు వచ్చాయో తీసి, మీ వరుసతో పోల్చండి. పరిహారం జాబితాలు కూడా చూడండి కానీ వాటి మీదే ఆధారపడొద్దు. చాలాచోట్ల పరిహారం ఇంటి యజమానికి, కార్డున్నవారికి అందుతుంది. అద్దెకున్నవాళ్లు, పక్క రాష్ట్రం నుంచి వచ్చి గుడిసె వేసుకున్నవాళ్లు జాబితాలో లేరంటే నష్టపోలేదని కాదు.

ఎన్ని ఇళ్లు తిరగాలని కూడా అడిగారు. నలభై ఇళ్లున్న వీధిలో పది పన్నెండు చాలు, కానీ అందులో వీధి చివర అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇల్లు, మదుం పక్క ఇల్లు, అద్దె ఇల్లు, ఒంటరి వృద్ధులున్న ఇల్లు తప్పక ఉండాలి. చీటీలు తీసి ఎంచుకుంటే ఇవే తప్పిపోతాయి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. నీరు వచ్చినప్పుడు ఏది పైకెక్కించారో, తగ్గాక బురద ఎన్నాళ్లు ఎత్తారో వాళ్లకే తెలుసు. మగవాళ్లు చెప్పే నష్టం పట్టీలో బండి, టీవీ ఉంటాయి. ఆడవాళ్లు చెప్పేదాంట్లో ఏడాదికి దాచిన పప్పులు, పిల్లల పుస్తకాలు, సంఘం పాస్‌బుక్కు ఉంటాయి.

చివరగా ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. "అత్యంత దుర్బల వీధి" అని ముద్రవేసిన మ్యాపు ఎవరి చేతికి వెళ్తుందో ముందే ఆలోచించండి. అదే మ్యాపుతో గెడ్డ పక్క పేదల్ని ఖాళీ చేయించవచ్చు. గెడ్డని మూసి కట్టిన పైవాళ్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. అందుకని మీ మ్యాపులో మునిగే వీధులతో పాటు, ఆ నీరు మళ్లడానికి కారణమైన మూసిన కాలువలు, పూడిన మదుములు, కప్పేసిన చెరువు కళింగలు కూడా అంతే పెద్ద గుర్తులతో ఉండాలి. ఇంటి నంబర్లు బయటపెట్టొద్దు. పూర్తయ్యాక ఒక ప్రతి మునిసిపాలిటీకి ఇచ్చేముందు ఆ వీధివాళ్లకే చదివి వినిపించండి. తప్పులుంటే అక్కడికక్కడే దిద్దుతారు.

సమయం తక్కువుంటే ముప్పై వీధులు వద్దు, మూడు తీసుకోండి: ఏటి ఒడ్డుది ఒకటి, ఊరి లోపల పల్లంలోది ఒకటి, కొత్త లేఅవుట్‌ది ఒకటి. అక్టోబరు తుఫాన్ల రోజులు రాకముందే గడప ఎత్తులు, మదుముల కొలతలు పూర్తి చేసుకోండి. వాన పడ్డాక వారంలోపు మళ్లీ వెళ్లండి, చారలు గోడల మీద ఉండగానే. ప్రశ్నపత్రం ముసాయిదా రాసుకున్నాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.